మేజ మీద మోట గిరక

నా డైరీల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు కనబడేది మనిషి కాదు, సైన్సు పెట్టె. ఉద్యోగంలో చేరిన వారానికే మొదటిసారి రాశాను: ‘సైన్సు పెట్టె పంపమని జిల్లా ఆఫీసుకు దరఖాస్తు పెట్టాను.’ ఆ తర్వాత ‘జవాబు లేదు’, ‘మళ్లీ రాశాను’, ‘జవాబు వచ్చింది, పెట్టె రాలేదు’, ‘మన బడి పేరు జాబితాలో ఉందట’ అని ఏళ్ల తరబడి సాగుతుంది. పెట్టెలో ఏముంటుందో నాకు కంఠతా వచ్చు. స్ప్రింగు త్రాసు ఒకటి, ఇత్తడి గిరకలు రెండు, చెక్క వాలుబల్ల ఒకటి, తూకపు రాళ్లు. వాటిని నేను చూసింది కాగితం మీదే.

డైరీ విషయంలో నాకు రెండు నియమాలుండేవి. రోజుకు ఒక్కటే పేజీ. రాసిన పేజీని మరునాడు ముట్టుకోకూడదు. రెండో నియమాన్ని ఈ ఇన్నేళ్లలో ఒకే ఒక్కసారి తప్పాను.

మా బడి లక్సెట్టిపేటకు ఆరు మైళ్ల దూరంలో, గోదావరి వైపు ఉండేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లయింది. ఆరు, ఏడు తరగతులకు లెక్కలూ సైన్సూ నేనే చెప్పేవాణ్ని. నేను చదువుకున్నది కరీంనగర్‌లో, నిజాం కాలంలో, ఉర్దూలో. బలం నాకు ఖువ్వత్‌గానే తెలుసు, చలనం హర్కత్‌గానే తెలుసు. తెలుగు పుస్తకం చేతికి వచ్చాక పొద్దున్నే లేచి ఒక్కో మాటకు ఎదురుగా ఉర్దూ మాట రాసుకుని, పదింటికి వెళ్లి పాఠం చెప్పేవాణ్ని. ‘కప్పీ’ అనే మాటను నేనూ పిల్లలూ ఒకే వారంలో నేర్చుకున్నాం. వాళ్లకు అది పుట్టినప్పటి నుంచి గిరక. నాకూ అంతే. పరీక్షలో మాత్రం కప్పీ అని రాయాలి.

ఏడో తరగతిలో పదిహేడు మంది. ‘‘బలమనగా...’’ అని నేను సగం అనేలోపే పదిహేడు గొంతులు మిగతా సగం అప్పజెప్పేవి. బయట దారిన పోయేవాళ్లు పిల్లలకు చదువు బాగా వస్తున్నదనుకునేవారు. నేను కూడా మొదటి ఏడాది అట్లాగే అనుకున్నాను. తర్వాత ఒకరోజు, బండి తోలుకుని బడికి వచ్చే ఒక పిల్లవాణ్ని లేపి అడిగాను.

‘‘నిన్న బండి కదిలిందా?’’

‘‘కదిలింది సార్.’’

‘‘కదలాలంటె ఎడ్లు ఏం పెట్టినయి?’’

‘‘కాళ్లు సార్.’’

తరగతి నవ్వలేదు. వాళ్లందరికీ అదే సరైన జవాబు.

చలనం ఇంకా కష్టమైంది. కదిలే వస్తువును ఏదీ ఆపకపోతే అది కదులుతూనే ఉంటుందని చెప్పాను. పిల్లలు నన్ను జాలిగా చూశారు.

‘‘ఎడ్లనిడిస్తె బండి ఆగుతది సార్.’’

‘‘ఎందుకు ఆగుతది?’’

‘‘ఎడ్లు లేవు గద సార్.’’

‘‘ఎడ్లు లేకపోతే బండిని ఆపెటోడు ఎవడు?’’

‘‘ఎవ్వడు లేడు సార్. గందుకే ఆగింది.’’

ఆ రోజు డైరీలో ఉన్నది ఇంతే: ‘చలనం మూడోసారి చెప్పాను. ఫలితం లేదు.’

వాళ్లకు చెప్పవలసిన జవాబు రాపిడి. బండిని ఆపేది అదే. కాని పుస్తకంలో దానికి పాఠం చివర చిన్న అక్షరాల్లో నాలుగు పంక్తులే ఇచ్చారు. పరీక్షలో దాన్ని అడగరు. పాఠాలు ముగించే తేదీ దగ్గర పడుతున్నదని, ‘‘వీలుంటే ఇంటికాడ చదువుకోండ్రి’’ అని పేజీ తిప్పేశాను. ఇంటికాడ ఎవరు చదువుతారు? ఆ సాయంత్రం నేనే చదవలేదు.

ఆ పదిహేడు మందిలో ఒక్కతే ఆడపిల్ల. తలుపు పక్కన కూర్చునేది. తండ్రి చిన్న రైతు, అక్షరం రాదు. ఏడో తరగతి దాకా ఆడపిల్లను పంపిన ఇల్లు ఊళ్లో అదొక్కటే కాబట్టి, ఆయనను నలుగురూ ఎగతాళి చేసేవారు. ‘‘బిడ్డను తాసిల్దారును జేస్తడట’’ అని. ఆమె ఎక్కువ మాట్లాడేది కాదు. అడిగితే మాత్రం ఒకసారి అడిగిన ప్రశ్నను వదిలేది కాదు.

ఆ ఏడు మాఘమాసంలో ఇనస్పెక్టర్ వస్తున్నాడని ఉత్తరం వచ్చింది. గురువారం, పది గంటలకు. మా పెద్దసారుకు అప్పటికి ఉద్యోగం ఏడాదిన్నర మిగిలి ఉంది. ఉత్తరం పట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

‘‘బోధన పరికరాలు చూస్తరట. మేజ మీద ఏం పెడ్తరు?’’

‘‘పెట్టె రాలేదు గద సార్.’’

‘‘రాలేదన్న మాటను పెడ్తరా మేజ మీద?’’

దాంతో నేను పట్టిక వేశాను. ఎవరు, ఏ వస్తువు, ఏ యంత్రం అని మూడు గళ్లు. సరళ యంత్రాల పాఠానికి పిల్లల ఇళ్లలో ఉన్నవే తెప్పించాలనుకున్నాను. గడ్డపార, అడకత్తెర, పట్టుకారు మీటలకు. గొడ్డలి చీలకు. గిరక ఒక్కటే మిగిలింది. ఎవరింట్లో ఉందని అడిగితే ఆ పిల్లే చెయ్యెత్తింది. ‘‘మా ఇంట్ల ఉన్నది సార్. మోట గిరక. తుమ్మకట్టెది.’’ నేను గడిలో రాసుకున్నాను.

మోటబాయి గురించి చెప్పాలి. అప్పుడు ఊళ్లో కరెంటు లేదు. బావి ఒడ్డున రెండు గుంజలు, వాటి నడుమ గిరక. గిరక మీదుగా లావుపాటి మోకు. మోకుకు ఒక కొసన తోలు బొక్కెన, రెండో కొసన కాడి. ఎడ్లు దిగుడు బాటన దిగితే బొక్కెన పైకి వచ్చి తొట్టిలో పోస్తుంది. ఎడ్లు వెనక్కి ఎక్కితే మళ్లీ కిందికి పోతుంది. ఒక్కో బావికి ఐదారు ఇళ్ల వాటా. వాటాలు అణాల్లో చెప్పేవారు. పదహారణాల బావిలో ఆ పిల్ల ఇంటివాళ్లది రెండణాలు. అంటే ఎనిమిది రోజులకు ఒక రోజు నీళ్లు, పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకే దాకా. దాన్ని వంతు అంటారు. ఎవరి వంతునాడు వాళ్లు తమ గిరక, మోకు, బొక్కెన తెచ్చి బిగించుకుని, మాపటికి విప్పుకుని ఇంటికి తీసుకుపోతారు. వంతు తప్పితే తప్పినట్టే. ఆ నీళ్లు మరునాటివాళ్లకు పోతాయి.

ఇదంతా నాకు తెలుసు. తెలియదని చెప్పడానికి వీల్లేదు, మా ఇంటి వెనకే ఒక మోటబాయి ఉండేది.

బుధవారం బడి విడిచే ముందు పట్టిక చదివి, రేపు ఎనిమిదింటికే వస్తువులతో రావాలని చెప్పాను. అందరూ లేచారు. ఆమె ఒక్కతి నిలబడే ఉంది.

‘‘సార్, రేపు మా వంతు.’’

‘‘అయితె?’’

‘‘గిరక బాయికాడ ఉండాలె సార్.’’

‘‘ఇనస్పెక్టర్ సాబ్ పదింటికి వస్తడు. గంట పని. ఆయన చూసి పోంగనే తీస్కపో. సార్ చెప్పిండని మీ బాపుకు చెప్పు.’’

సార్ చెప్పిండు. ఆ రోజుల్లో ఆ మాటకు ఏ ఇంట్లోనూ ఎదురుండేది కాదు. ఆ బలం ఎంతదో నేనెప్పుడూ కొలవలేదు. ఆ రోజు డైరీలో పట్టిక మొత్తం ఎక్కించాను, పదకొండు వస్తువులు, పదకొండు పేర్లు. ఆమె అన్న మాట అందులో లేదు.

గురువారం పొద్దున పిల్లలు చెప్పిన వేళకే వచ్చారు. చెప్పింది చెప్పినట్టే చేశారు కూడా. ఇద్దరు పిల్లలు ఇసుర్రాయి పైరాయిని మోసుకొచ్చారు. వాళ్లలో ఒకడి అవ్వ వెనకాలే వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. ‘‘పంతులూ, కిందిరాయి ఇంటికాడనే ఉన్నది. దాని మీద నేను గూసొని ఇసరాల్నా జొన్నలు?’’ మంగలి కొడుకు తండ్రి కత్తెర తెచ్చాడు. కత్తెర ఎక్కడికి పోయిందో వెతుక్కుంటూ, సగం తల క్షవరమైన పెద్దమనిషి ఒకాయన బడి అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. ఇంట్లో పనికి రానిది తెమ్మని నేను చెప్పలేదు. వాళ్లు పనిచేసే వస్తువునే తెచ్చారు. యంత్రమంటే పనిచేసేదని నేనే కదా చెప్పింది.

ఆమె గిరకను తలమీద పెట్టుకుని వచ్చింది. పెద్ద పళ్లెమంత ఉంది. నడుమ గాడి మోకు రాపిడికి నున్నగా మెరుస్తున్నది. దాన్ని మేజ నడుమ నిలబెట్టి, ముందు నా చేతిరాతతో చీటీ పెట్టాను: ‘స్థిర కప్పీ. దీనివలన బలములో లాభము లేదు. దిశ మాత్రమే మారును.’ పిల్లలు ముట్టుకుంటారని గది తలుపుకు తాళం వేశాను.

పది అయింది. పదకొండైంది. పెద్దసారు రోడ్డు దాకా వెళ్లి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. పదకొండు దాటాక ఆ పిల్ల తండ్రి వచ్చాడు. కాళ్లకు మోకాళ్ల దాకా బురద. కాలువ చెక్కి, మళ్లు కట్టి, ఎడ్లను కట్టేసి వచ్చాడు. గంట అంటే గంటేనని నమ్మిన మనిషి.

‘‘దండం సారూ. గంటయిపాయెనా?’’

‘‘ఇంక రాలేదే అన్నా. ఇప్పుడో ఇంక జరసేపటికో వస్తడు.’’

‘‘గిరకియ్యిండ్రి. ఆయన అచ్చిన్నాడు నేనే మోసుకొచ్చి నిలవెడ్త.’’

నేను పెద్దసారు వైపు చూశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ‘‘అది తీస్తె మేజ నడుమ బోడిగ కనబడ్తది. ఆయన గీ నిమిషంల వస్తె?’’

తండ్రి కిటికీలోంచి లోపలికి చూశాడు. చీటీ కనబడింది. పక్కన నిలబడ్డ కూతురిని అడిగాడు, ‘‘గా కాయితంల ఏం రాసిండ్రే?’’

ఆమె చదివింది. పుస్తకం భాష కాబట్టి మళ్లీ తమ మాటలో కూడా చెప్పింది. ‘‘గిరకతోని బరువు తక్కువ గాదట బాపు. గుంజే దిక్కు మారుతదట, గంతేనట.’’

ఆయన నావైపు తిరిగాడు.

‘‘లాభం లేనిదాన్ని మరి తాళమేసి ఎందుకు పెట్టుకున్నరు సారూ?’’

అరుగు మీద సగం క్షవరం పెద్దమనిషి గట్టిగా నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. తాళం చెవి నా జేబులోనే ఉంది. తీయడానికి చెయ్యి రాలేదు. ‘‘జరసేపు ఆగు అన్నా’’ అన్నాను. ఆయన పొద్దు వైపు చూసి వెళ్లిపోయాడు.

మూడున్నరకు సైకిలు మీద ఒక మనిషి వచ్చి చీటీ ఇచ్చాడు. ఇనస్పెక్టర్ లక్సెట్టిపేటలోనే ఆగిపోయాడు. ఈ దఫా రావడం పడదు. మరో తేదీ తెలియజేయబడును. పెద్దసారు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. నేను తాళం తీశాను. పిల్లలు ఎవరి వస్తువు వాళ్లు పట్టుకుని పరుగెత్తారు. డైరీలో ఆ రోజు పేజీ ఇట్లా ముగుస్తుంది: ‘ఇనస్పెక్టర్ రాలేదు. పదకొండు వస్తువులూ తిరిగి ఇచ్చాను.’ నా లెక్కకు అక్కడితో ఆ పని అయిపోయింది.

జరిగింది మరునాడు తెలిసింది. ఇంటికి వెళ్లిన తండ్రి ఊరుకోలేదు. రెండు గుంజల నడుమ ఒక దుంగను కట్టి, దాని మీదుగా మోకు వేసి ఎడ్లను తోలాడు. ఎడ్లు మోకాళ్ల మీద పడ్డాయి. భార్య కూడా మోకు పట్టుకుని లాగింది. గిరక దొరుకుతుందేమోనని బడి అరుగు మీద కాచుకున్న కూతురిని పిలిపించి, ఆమె చేత కూడా లాగించారు. మూడు బొక్కెనలు పైకి వచ్చాయి. నాలుగోదానికి మోకు దుంగ దగ్గర ఒరుసుకుపోయి తెగింది. నిండు బొక్కెన బావిలో పడి, రాతికి తగిలి తోలు చినిగింది. పక్కింటి పిల్లవాడు గిరకను మోసుకెళ్లి ఇచ్చే వేళకు దాన్ని బిగించినా లాగడానికి మోకు లేదు, బొక్కెన లేదు. యాసంగిలో వేసే తాబి వరి అప్పుడు పొట్ట మీద ఉంది. వరికి ఆ దశలో నీళ్లు తప్పితే కంకి తాలు పోతుంది. మళ్లీ వంతు ఇంకో వారానికి.

శుక్రవారం ఆమె బడికి వచ్చింది. నేను అదే పాఠం మీద ప్రశ్నలు వేస్తున్నాను. స్థిర కప్పీ వల్ల లాభమేమని అడిగితే తరగతి ఒక్క గొంతుతో చెప్పింది: ‘‘బలములో లాభము లేదు, దిశ మాత్రమే మారును.’’ ఆమె లేచి నిలబడింది.

‘‘సార్, గిరకతోని బరువు తక్కువ గాదంటిరి గద.’’

‘‘అవును.’’

‘‘మరి గిరక లేకుంటె మా ఎడ్లు ఎందుకు గుంజలేకపాయె?’’

తరగతిలో అందరూ నా వైపు చూశారు. పుస్తకం నా చేతిలో తెరిచే ఉంది. ఆ పేజీలో దానికి జవాబు లేదు. చిన్న అక్షరాల పంక్తులు నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదు. తప్పంతా తనదేనని తెలిసినప్పుడు మనిషికి కోపమే ముందు వస్తుంది.

‘‘పుస్తకంల ఉన్నది చెప్పు. పరీక్షల నీ ఎడ్లను అడగరు. కూసో.’’

ఆమె కూర్చుంది. అరచేతులు తిప్పి ఒడిలో పెట్టుకుంది. రెండు చేతుల్లోనూ మోకు కోసిన గీరలు ఎర్రగా ఉన్నాయి. పిల్లలు నవ్వారు. అంతవరకు ఎప్పుడూ నా మాటకు అంతగా నవ్వలేదు.

శనివారం ఆమె రాలేదు. పక్కింటి పిల్లవాడు చెప్పాడు, వాళ్లింట్లో అందరూ వాగు నుంచి కుండలతో నీళ్లు మోసి మళ్లల్లో పోస్తున్నారని, ఇక బడికి రాదని. మధ్యాహ్నం పెద్దసారు ఏడో తరగతి పరీక్షకు పంపే పేర్ల జాబితా నా చేతికిచ్చాడు. బుధవారం అది లక్సెట్టిపేటకు పోవాలి. ‘‘బుధవారం హాజరు పట్టీల లేనోళ్ల పేర్లు రాయకుండ్రి. తర్వాత నా మీదికొస్తది’’ అన్నాడు.

ఆదివారం నేను వాళ్ల పొలానికి వెళ్లాను. ఆ పిల్లా, వాళ్లమ్మా వాగు దిక్కు నుంచి కుండలు మోసుకుని వస్తున్నారు. ఒక కుండ పోస్తే మడిలో అరచెయ్యంత మేర తడుస్తున్నది. తండ్రి గట్టు మీద కూర్చుని బొక్కెనకు తోలు అతుకు వేస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు.

‘‘అన్నా, బుధవారం పేర్లు పోతున్నయి. బిడ్డను ఒక్కదినం పంపు.’’

‘‘పంపిన గద సారూ ఇన్నేండ్లు. ఊరంత నవ్వుతున్నా పంపిన. గిరకను గుడ పంపిన.’’

‘‘నాదే తప్పు.’’

‘‘తప్పంటే వరి ఈనదు.’’ తోలులోంచి దారాన్ని పళ్లతో లాగాడు. ‘‘మీరు ఒక్క పూట నీళ్లిప్పియ్యిండ్రి. ఆ పూటే బిడ్డ కుండ దించుతది. గంతే.’’

వంతు ఇప్పించడం ఎవరి చేతిలోనూ ఉండదు. పెద్దమనుషులు చెప్పినా వినరు. ఎవరి వంతు వాళ్లు ఇష్టపడి ఇస్తే తప్ప. సోమవారం వంతు ఒక ముసలామెది. నాలుగణాల వాటా. కొడుకు కాగజ్‌నగర్ మిల్లులో పనికి పోయాడు, ఇంట్లో మోట తోలే మగమనిషి లేడు. నేను వెళ్లేసరికి ఆమె వాకిట్లో కందులు చెరుగుతున్నది. విషయమంతా విన్నది. ఊళ్లో అందరికీ తెలిసిన కథే కదా.

‘‘వంతు ఇచ్చుడంటే బడికి రజా ఇచ్చినట్టు గాదు పంతులూ.’’

‘‘అర్ధ దినం చాలు పెద్దమ్మా.’’

‘‘నాకు మోట తోలెటోడు రేపు రానన్నడు, వాని బిడ్డ లగ్గం. పొద్దుగాల నుంచి పగటీలి దాంక నువ్వు తోలు. పగటీలికెల్లి ఆయన కొట్టుకుంటడు.’’

‘‘నాకు మోట తోలరాదు.’’

‘‘గిరక సంగతి అంత చెప్పితివట గద పోరగాండ్లకు. తోలరాకపోతె ఎట్ల చెప్పినవ్?’’

సోమవారం సెలవు చీటీ రాసి పంపి, పొద్దుపొడిచే వేళకు బావి దగ్గరున్నాను.

మోట తోలడం గురించి రాయడానికి నాకు అర్హత లేదు. దిగుడు బాటన ఎడ్లు దిగేటప్పుడు తోలేవాడు మోకు మీద కూర్చోవాలి, వాని బరువు కూడా లాగుడుకు కలుస్తుంది. మొదటిసారి కూర్చున్నప్పుడు పక్కకు పడ్డాను. ఎడ్లను వెనక్కి ఎక్కించడం ఇంకా కష్టం. నా మాట వాటికి అర్థం కాలేదు. ముసలామె తొట్టి దగ్గర నిలబడి వాటితో నా బదులు మాట్లాడింది. పది బొక్కెనలకే నా చేతులు పొక్కులెత్తాయి. గిరక ప్రతి చుట్టుకూ కీచుమని అరుస్తున్నది. ఎడ్లు నురగలు కక్కుతున్నాయి.

‘‘ఆపు ఆపు! ఎడ్లను సంపుతవా ఏంది? కందెన ఎయ్యకుంట ఎవడన్న తోలుతడా?’’

ఇరుసుకు వేసే నూనె మడ్డి ఆమె చిప్పలో పెట్టుకుని తెచ్చింది. గిరక ఇరుసుకు పూసింది. మళ్లీ తోలాను. కీచుమనడం ఆగింది. బొక్కెన అదే, నీళ్లు అవే, ఎడ్లు అవే. కాని ఎడ్లు దిగుడు బాటన నడిచి వెళ్లాయి, ఇంతసేపూ ఈడ్చుకుంటూ వెళ్లినవి. నేను మోకు మీద కూర్చునే ఉండి ఆ నాలుగు పంక్తులు గుర్తు చేసుకున్నాను. బరువు మారలేదు. ఒరుసుకోవడం తగ్గింది. దుంగ మీద మోకు మొత్తం ఒరుసుకుంటుంది. గిరక మీద అయితే ఒరుసుకునేది ఇరుసు ఒక్కటే, దానికీ కందెన ఉంది. బండిని ఆపేదీ, మోకును తెంపిందీ ఒకటే. ఏడు సంవత్సరాలుగా చెబుతున్న పాఠం నాకు అప్పుడు అర్థమైంది. సంతోషం కలగలేదు. ఒళ్లు మండింది. నాలుగు పంక్తులు!

పగటీలికి, అంటే మిట్టమధ్యాహ్నానికి, ఆ తండ్రీ కూతురూ వచ్చారు. తండ్రి నా చేతిలోంచి మోకు తీసుకున్నాడు, నా పొక్కుల వైపు ఒకసారి చూశాడు. ఆయన తోలుతుంటే ఎడ్లు వేరే ఎడ్లలాగా నడిచాయి. ఆమె పార పట్టుకుని కాలువలో నిలబడి మడికి నీళ్లు మళ్లిస్తున్నది. నేను గట్టు మీదికి వెళ్లాను.

‘‘నువ్వు అడిగినదానికి జవాబు దొరికింది బిడ్డా.’’

ఆమె పార ఆపలేదు. నేను చెప్పాను. దుంగ, గిరక, కందెన, మూడూ. ఆమె వింటూనే ఒక మడి కట్టి ఇంకో మడి తెరిచింది.

‘‘మరి పుస్తకంల లాభం లేదని ఎందుకు రాసిండ్రు సార్?’’

‘‘పుస్తకంల గిరక ఒరుసుకోదు. గట్ల అనుకొని రాసిండ్రు.’’

‘‘ఒరుసుకోని గిరక యాడన్న ఉంటదా?’’

‘‘ఉండదు.’’

‘‘గీ మాట గా దినమే చెప్పకపోతిరి’’ అంది. అని, నీళ్లు గట్టు దాటుతున్నాయని అటు పరుగెత్తింది.

బుధవారం ఆమె వచ్చింది. హాజరు పిలిచాను, పలికింది. జాబితాలో ఖాళీ ఉంచిన చివరి పంక్తిలో ఆమె పేరు రాశాను. తర్వాత పుస్తకం మూసి, రాపిడి పాఠం మొదలుపెట్టాను. దాటేసింది నేనేనని కూడా చెప్పాను. పలక మీద ఇటుక లాగించాను, ఇసుక పోసి లాగించాను, నూనె రాసి లాగించాను. వెనక వరుసలోంచి ఒకడు చెయ్యెత్తాడు.

‘‘సార్, గిది పరీక్షల వస్తదా?’’

‘‘రాదు.’’

పదహారు కలాలు ఒక్కసారే కిందికి దిగాయి. అంత చేశాక కూడా! ఆ రోజు ఎంత కోపం వచ్చిందో డైరీలో నిబ్బు కాగితాన్ని చింపిన గుర్తు ఇంకా ఉంది. వాళ్ల మీద కాదు. వాళ్లకు అట్లా నేర్పింది నేనే.

పరీక్షలో స్థిర కప్పీ వచ్చింది. బయటికి వచ్చాక అందరినీ అడిగాను. పుస్తకంలో వాక్యం అక్షరం పొల్లుపోకుండా రాశామన్నారు. ఆమె మాత్రం, ‘‘రెండూ రాసిన సార్. పుస్తకంలది ముంగట, బాయికాడిది ఎనుక’’ అంది. దిద్దినవాళ్లు ఏమనుకున్నారో తెలియదు. ఆమె పాసైంది, సైన్సులో అత్తెసరు మార్కులతో. ఎనిమిదో తరగతికి లక్సెట్టిపేటలో మేనత్త ఇంటికి పంపారు. పంపే ముందు తండ్రి బడికి వచ్చి పెద్దసారు దగ్గర కాగితం తీసుకున్నాడు. పోతూ నా గది గుమ్మంలో ఆగాడు.

‘‘నాలుగు మళ్లు తాలు పోయినయి సారూ. అర్ధ దినం నీళ్లు మిగిలినయాటికే అందినయి.’’

‘‘తెలుసన్నా.’’

‘‘తెల్వాలెననే చెప్తున్న’’ అని వెళ్లిపోయాడు.

ఇనస్పెక్టర్ మరో తేదీ తెలియజేయలేదు. నేను అక్కడి నుంచి బదిలీ అయ్యేదాకా సైన్సు పెట్టె రాలేదు.

తండ్రి వెళ్లిన సాయంత్రం ఆ ఏటి డైరీ తీసి, ఇనస్పెక్టర్ రావలసిన రోజుకు ముందటి రోజు పేజీ తెరిచాను. పట్టిక నీటుగా ఉంది. పదకొండు పేర్లు, పదకొండు వస్తువులు, గళ్లు కూడా బద్దతో గీసినవే. గిరకకు ఎదురుగా అంచున కొంచెం జాగా మిగిలి ఉంది. వేరే సిరాతో అక్కడ రాశాను: ‘సార్, రేపు మా వంతు అని చెప్పింది. విన్నాను.’